అనుపానం

మా అక్క కాలి బొటనవేలి మీది పుండు మానకపోవడానికి కారణం ఎండు బెర్రీలు కావు. ఈ మాట ముందుగా చెప్పడం న్యాయం. నల్లగా, ముడతలు పడి, మిరియం కన్నా కొంచెం పెద్దవిగా, వెండిరంగు పొట్లాలలో సముద్రం దాటి వచ్చిన ఆ పళ్ళు ఎవరికీ ఏ హానీ తలపెట్టలేదు. వాటిలో మంచి గుణాలున్నాయి. ఆ గుణాలేమిటో మా భవనంలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. ఉద్యోగం ఉన్నంతకాలం జీవరసాయన శాస్త్రం పాఠం చెప్పినదాన్ని. పుండు మానకపోవడానికి కారణం పథ్యం.

మాదాపూరు దాటి కొండాపూరు వెళ్ళే దారిలో, గుట్టను పేల్చి చదును చేసిన నేల మీద కట్టిన నాలుగంతస్తుల భవనం మాది. మొదటి అంతస్తులో నా ఫ్లాటు, దానికి ఎదురుగా మా అక్క అమ్మణ్ణి, ఆమె కూతురు సంయుక్త ఉండే ఫ్లాటు. నిరుడు ప్రారంభమైన గుండ్రటి అద్దాల టవరు మా మేడ మీదినుంచి కనబడుతుంది. తెల్లవారగానే సంయుక్త వంటి పిల్లలందరినీ కంపెనీ బస్సులు అక్కడికి ఎత్తుకుపోతాయి. మిగిలినవాళ్ళం నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ, దుమ్ము తుడుచుకుంటూ ఉంటాం. రోజూ ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఒకడు పక్క గుట్ట దగ్గర ఈల ఊదుతాడు. ఆ వెంటనే నేల అడుగునుంచి ఒక దెబ్బ. కిటికీ అద్దాలు, అలమరలో స్టీలు గిన్నెలు ఒక్కసారి గలగలమంటాయి. ఈల వినిపించాక పేలుడు వచ్చేదాకా ఎవరూ ఏ పనీ చేయలేరు. చెంచా చేతిలో పట్టుకుని నిలబడిపోతారు. ఈ చోట కుదురుగా కూర్చోవడం ఎవరికీ చేతకాదు. ఎవరైనా ఏదైనా సభ పెడితే పరుగెత్తి వెళ్ళడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

సభ పెట్టినవారు నాలుగో అంతస్తు విశ్వేశ్వరరావు గారు. సహకార శాఖలో అధికారిగా పదవీ విరమణ చేసి, ఒక విదేశీ కంపెనీ ఎండుపళ్ళను తెలిసినవాళ్ళకు అమ్మే పని చేపట్టారు. ఆయనను మోసగాడనడానికి వీల్లేదు. ఆ పళ్ళు ఆయనే అందరికంటే ఎక్కువ తినేవారు. ఆయన అరచేయి ఎప్పుడూ ఊదారంగులో ఉండేది. శనివారం సాయంకాలాలలో మేడ మీద కుర్చీలు వేయించి, సమోసాలు పెట్టించి, ఉపన్యాసం ఇచ్చేవారు.

"ఫ్రీ రాడికల్స్ అంటే ఏమిటనుకున్నారండీ? మన ఒంట్లో తిరిగే రౌడీలండి. పనీపాటూ ఉండదు, దొరికినవాణ్ణి దొరికినట్టు కొడతారు. మన యాంటీ ఆక్సిడెంట్లు వచ్చి వాళ్ళ చేతులు కట్టేస్తాయండి."

"అంటే పోలీసులా సార్?" అన్నది మూడో అంతస్తు జయమ్మ. ఆమెది కడప వైపు. భర్త పెద్దన్న పుప్పాలగూడ చుట్టుపక్కల స్థలాలు కొని అమ్ముతాడు.

"పోలీసులే అనుకోండి."

"అట్లయితే మామూళ్ళు అడుగుతారు గదా!"

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఆయన నావైపు తిరిగారు. "మన రత్నమాల గారు సైంటిస్టు. నా మాట నమ్మకండి, వారి మాట నమ్మండి. చెప్పండి మేడమ్, ఎండిపోయాక కూడా పండులో పవరు ఉంటుందాండీ?"

లేచి, అడిగినదానికి క్రమంగా సమాధానం చెప్పాను. ఈ పళ్ళకు ఆ రంగునిచ్చే పదార్థాలు ఆక్సీకరణను అడ్డుకుంటాయి. మన నేరేడు పండుకు రంగునిచ్చేవీ ఆ జాతివే. ఎండబెడితే సి విటమిన్ చాలావరకు పోతుంది, రంగు పదార్థం కొంత తగ్గినా కొంత నిలుస్తుంది. పీచు ఎక్కడికీ పోదు. ఇక్కడికి వచ్చేసరికి చప్పట్లు మొదలయ్యాయి. నేను చెప్పవలసినవి మరి మూడు మాటలు ఉన్నాయి: గాజు గొట్టంలో జరిగేది ఒంట్లోనూ జరుగుతుందని ఇంకా రుజువు కాలేదు, పొట్లం వెనక చిన్న అక్షరాలలో చక్కెర కలిపినట్టు రాసి ఉంది, ఇది మంచి తిండే గాని మందు కాదు. వీటిలో మొదటిదాని సగం దగ్గర విశ్వేశ్వరరావు గారు, "చూశారా! సైన్సే చెబుతోందండి!" అని నాకు నమస్కారం పెట్టారు. మిగిలినదంతా చప్పట్లలోనే చెప్పాను. ఎవరూ వినలేదు.

అప్పుడు మా అక్క చేయి ఎత్తింది. "అన్నయ్యగారూ, దీనికి పథ్యం ఏమిటండీ?"

అందరూ ఆయనవైపు తిరిగారు. కంపెనీవారి ఇంగ్లీషు కరపత్రంలో పథ్యం అనే అధ్యాయం లేదు. విశ్వేశ్వరరావు గారు కరపత్రం అటూ ఇటూ తిప్పారు. షరతులు లేని ఉత్తర్వును ఎవరూ లెక్కచేయరని సర్కారు ఉద్యోగంలో నేర్చుకున్న మనిషి ఆయన.

"పథ్యం అంటే... వంకాయ, గోంగూర మానెయ్యాలండి. మండలం పాటు, అంటే నలభై రోజులు, వేడి చేసే మందులేవీ దీనితో కలపకూడదండి."

కూర్చున్నవాళ్ళందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతవరకు అది ఒక ఎండుపండు. ఆ క్షణం నుంచి మందు అయింది.

దీనికి కొంచెం వివరణ కావాలి. మా ఇంట్లో కామెర్లకు ఆకు పసరు పోసినప్పుడు నూనె మాన్పించారు, దగ్గుకు కషాయం ఇచ్చినప్పుడు పెరుగు మాన్పించారు. రోగితో ఏదో ఒకటి వదిలించని మందును మా అక్క ఏనాడూ గౌరవించలేదు. ఆమెకు షుగరు వచ్చి చాలాకాలమైంది. డాక్టరు బిళ్ళలు రాసి, తీపి తగ్గించండి అని పొడిగా అనేసి, గంట కొట్టి తరువాతి రోగిని పిలుస్తాడు. ఆ బిళ్ళలను అక్క పక్కింటివాళ్ళు ఇచ్చిన పంచాంగంలాగా ఒక మూల పెట్టి, గుర్తొస్తే వేసుకునేది. ఇప్పుడు పథ్యమున్న మందు ఒకటి దొరికింది. పైగా దానికి సొంత చెల్లెలే సాక్ష్యం చెప్పింది.

కొన్ని వారాల తరువాత ఒక మధ్యాహ్నం ఎదురింటికి వెళ్ళాను. అక్క చెంబుతో నీళ్ళు గటగట తాగుతోంది. నేను కూర్చున్నంతసేపట్లో మళ్ళీ లేచి తాగింది. కుడికాలి బొటనవేలికి పసుపు పట్టించి గుడ్డ కట్టుకుని ఉంది.

"అదేమిటే కాలికి?"

"కొత్త చెప్పు కరిచింది. అదే మానుతుంది."

"ఎప్పుడు కరిచింది?"

"ఏమిటే ఆ ప్రశ్నలు, కోర్టులోలాగా? పోయిన నెల ఎప్పుడో."

"బిళ్ళలు వేసుకుంటున్నావా?"

అక్క కిటికీవైపు తిరిగింది. లేచి వెళ్ళి ఆవకాయ జాడీల అలమర తెరిచాను. బిళ్ళల రేకులు రబ్బరు బ్యాండుతో కట్టి, విప్పకుండా ఉన్నాయి.

"అవి వేడి కదే," అంది అక్క. "దీక్ష అయ్యేదాకా ముట్టకూడదు. నువ్వేగా ఆ పళ్ళు మంచివని చెప్పావు."

"మందు కాదని కూడా చెప్పాను."

"ఆ మాట నేను వినలేదు."

నాకు కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది. వెంటనే బయలుదేరి మందుల షాపులో బెనెడిక్ట్ ద్రావణం సీసా కొనుక్కొచ్చాను. పరీక్ష నాళికలో ఆ నీలం నీళ్ళు పోసి, అందులో అక్క మూత్రం చుక్కలు కలిపి, గ్యాసు పొయ్యి మంట మీద పట్టుకున్నాను. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, బాగా ఎక్కువైతే ఇటుక ఎరుపు. అక్క పక్కనే నిలబడి చూస్తోంది. నీలం విరిగి, మబ్బు పట్టి, మెట్లన్నీ ఒక్క గెంతులో దాటి ఇటుకరంగు అడుగున పేరుకుంది.

"చూశావా?" అన్నాను.

"చూశాను." అక్క ముఖం వెలిగింది. "అన్నయ్యగారు చెప్పినట్టే ఉంది. మొదట్లో ఒంట్లో విషమంతా బయటికి పోతుందన్నారు. ఎంత ఎర్రగా పోతోందో చూడు!"

నాళికను సింకులో పెట్టాను. విద్యార్థులు తప్పు జవాబులు చెప్పడం నాకు అలవాటే. సరైన జవాబును కళ్ళముందు పెడితే దానినే తప్పుకు సాక్ష్యంగా తీసుకున్న విద్యార్థి మాత్రం నాకు అంతవరకు తగలలేదు.

నాలుగో అంతస్తుకు వెళ్ళాను. విశ్వేశ్వరరావు గారు మర్యాదగా కుర్చీ చూపారు.

"షుగరు బిళ్ళలు మానెయ్యమని నేను అనలేదండీ. వేడి చేసే మందులన్నాను."

"ఆ బిళ్ళలు వేడి కాదని వచ్చే శనివారం చెప్పండి. అంతే నేను అడిగేది."

"మేడమ్, ఒకసారి చెప్పిన పథ్యం మారిస్తే మందు మీద గురి పోతుందండి. గురి లేకపోతే ఏ మందైనా పనిచేస్తుందాండీ?"

"పనిచేస్తుంది. అందుకే దానిని మందు అంటారు."

ఆయన నవ్వి, పొట్లం నావైపు జరిపారు. నేను తీసుకోలేదు.

సంయుక్తను అడిగాను. ఆ పిల్ల చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే గోడకు ఆనుకుంది. "నేను చెప్పలేదనుకుంటున్నావా పిన్నీ? డాక్టరు దగ్గరికి రా అంటే దీక్ష అయ్యాక అంటుంది. గట్టిగా అంటే అన్నం మానేస్తుంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యి, నీ మాటంటే కాస్త భయం."

నా మాటంటే భయం ఉన్నమాట నిజమే. నమ్మకం లేనిది కూడా నిజమే. ఆ తరువాత రెండు రోజులు ఇంట్లో గదినుంచి గదికి తిరిగాను. పుస్తకం తెరిచి మూశాను. షుగరు ముదిరినప్పుడు కాలి పుండు ఏ వరసలో ఏమవుతుందో నాకు తెలుసు; ఎర్రదనం, వాపు, నలుపు, ఆ తరువాత శస్త్రచికిత్స గది. అక్క గుడ్డ విప్పినప్పుడు వేలి చుట్టూ చర్మం అప్పటికే మెరుస్తోంది. మండలం పూర్తయ్యేదాకా ఆ వేలు ఆగదు.

మూడో రోజు పొద్దున వెళ్ళాను. అక్క పిడికెడు పళ్ళు అరచేతిలో పోసుకుని, తూర్పుకు తిరిగి, నోట్లో వేసుకోబోతోంది.

"అక్కా, పథ్యం సరే. అనుపానం ఏమిటి?"

చేయి ఆగింది. మందును దేనితో కలిపి మింగాలో అది అనుపానం. తేనె, అల్లం రసం, పాలు, ఏదో ఒకటి. మా నాయనమ్మ అది లేకుండా ఎవరికీ మాత్ర ఇవ్వలేదు.

"అనుపానమా? ఆయనేం చెప్పలేదే."

"చెప్పకుండా ఎలా తింటున్నావు?"

"అవును సుమీ." అక్క కలవరపడి పళ్ళను పళ్ళెంలో పోసింది. "ఏమై ఉంటుందంటావు? తేనెనా?"

"తేనె కాదు. నీ బిళ్ళే." నా గొంతు పాఠం చెప్పే గొంతులాగే ఉండడం నాకే వినిపించింది. "పొద్దున బిళ్ళ, వెంటనే నాలుగు పళ్ళు, ఆ పైన ఇడ్లీ. పిడికెడు కాదు, నాలుగే. పండు చలవ, బిళ్ళ వేడి. బిళ్ళ లేకపోతే పండు ఒంటికి పట్టదు. ఇన్నాళ్ళూ తిన్నది వృథా."

"ఇది ఎక్కడ ఉంది?"

"పెద్ద పుస్తకంలో."

అక్క అలమర తెరిచింది. రబ్బరు బ్యాండు తీసింది. బిళ్ళ వేసుకుని, కళ్ళకద్దుకుని నాలుగు పళ్ళు తిన్నది. పరీక్షపత్రంలో ఆ సమాధానం ఎవరైనా రాసి ఉంటే సున్నా వేసి, పక్కన ఎర్రగీత గీసేదాన్ని. ఒక్క అక్షరానికీ ఆధారం లేని ఆ మాట పనిచేసింది. ఇటుకరంగు నారింజరంగైంది, పసుపైంది, తరువాతి వారాలలో ఆకుపచ్చ దగ్గర నిలిచింది. అక్క నీళ్ళ చెంబు వంటింట్లోకి వెళ్ళిపోయింది. పుండు అంచులు ముడుచుకుని పొడిబారసాగాయి. సంయుక్త నన్ను కౌగిలించుకుంది. నేను సంతోషించలేదు. నా మాట ఒకటి బయట తిరుగుతున్నట్టు, దానిని పిలిచి వెనక్కి తెచ్చుకోవాలన్నట్టు ఉండేది. మెట్ల మీద ఎవరైనా నమస్కారం పెడితే ఎందుకు పెట్టారా అని ఆలోచించేదాన్ని.

ఒక శనివారం పొద్దున, ఇళ్ళలో పనిచేసే యాదమ్మ తడిచేతులతో పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, జర జల్ది రా! పైన జయమ్మకు ఏందో గిట్ల అయితున్నది. ఒళ్ళంత చెమటలు, గజగజ వణుకుతున్నది. పిలిస్తె పిచ్చిచూపులు చూస్తున్నది!"

మెట్లెక్కి వెళ్ళాను. జయమ్మ వంటింటి గడప దగ్గర గోడకు జారగిలబడి ఉంది. రవిక తడిసి ముద్దయింది. పెదవులు వణుకుతున్నాయి. పక్కనే పళ్ళెంలో నల్ల పళ్ళు. ఆ పక్కన కత్తిరించిన రేకు ముక్క. ఆ రేకు రంగు నాకు తెలుసు.

"యాదమ్మా, పంచదార. గ్లాసెడు నీళ్ళలో గుప్పెడు వెయ్యి. కలుపు."

"చెక్కరనా? ఈమెకు చెక్కరెందుకు?"

"ముందు కలుపు."

మింగగలదో లేదో చూసి, చెంచాతో కొంచెం కొంచెంగా తాగించాను. గ్లాసు అయ్యేసరికి చెమట ఆగింది. చూపు నిలిచింది. జయమ్మ నన్ను గుర్తుపట్టి, కొంగు సర్దుకుంది.

"ఏం తిన్నావు పొద్దున?"

"ఏం తింటా టీచరమ్మా, శనివారం ఒక్కపొద్దు గదా. ఆ పండ్లు నాలుగు, మీరు సెప్పిన బిళ్ళ. అంతే."

"నేను చెప్పానా?"

"మీరే గదా! బిళ్ళ లేకుంటే పండు వంటికి పట్టదంటిరంట. అమ్మణ్ణి వదినె సెప్పింది. పాపం, తన బిళ్ళలే కత్తిరించి ఇచ్చె."

"నీకు షుగరు లేదు కదా జయమ్మా."

"లేకపోతే ఏమి? అది షుగరుకు ఏసుకునే బిళ్ళ గాదు గదా, అనుపానం గదా." ఆమె నా అజ్ఞానానికి జాలిపడినట్టు చూసింది. "మీ పేరు సెప్పి రావుసారు బిళ్ళలు డబ్బాలు డబ్బాలు తెప్పించినాడు. ఈ పొద్దు మీటింగులో పొట్లంతో పాటు అందరికీ పంచుతాడంట."

వింటూ ఉండగానే గుట్ట దగ్గర ఈల మోగింది. యాదమ్మ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. పేలుడు వచ్చింది. గిన్నెలు గలగలమన్నాయి.

పెద్దన్నకు కబురు చేసి, జయమ్మను అతని జీపులో నర్సింగ్ హోముకు పంపించాను. ఆ బిళ్ళ ప్రభావం రోజంతా ఉంటుంది. పంచదార నీళ్ళ బలం అంతసేపు ఉండదు. డాక్టరు కనిపెట్టి చూడాలి. ఈ సంగతి ఒక కాగితం మీద రాసి పెద్దన్న చేతికిచ్చాను. అతను ఏమీ అడగకుండా జేబులో పెట్టుకుని, "మీరు సెప్పినాక అంతే తల్లీ," అన్నాడు. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

విశ్వేశ్వరరావు గారి తలుపుకు తాళం ఉంది. కూకట్‌పల్లి మీటింగు చూసుకుని నేరుగా మేడ మీదికి వస్తారట. ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టాను. ఒక్క జయమ్మే ముందుగా మొదలుపెట్టింది, మిగిలినవాళ్ళు సాయంత్రం కోసం చూస్తున్నారు. "బిళ్ళ మింగకండి" అంటే, "అవును, మీటింగులో పూజ అయ్యాకే మింగాలటగా," అని తలలూపారు. విడివిడిగా చెప్పి లాభం లేదు. అందరిముందు, ఒకేసారి, నేను కల్పించానని చెప్పాలి.

చెబితే అక్క వింటుంది. విన్న మరుక్షణం రబ్బరు బ్యాండు మళ్ళీ బిగిస్తుంది. పుండు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

మధ్యాహ్నమంతా వరండాలో అటూ ఇటూ నడిచాను. చివరికి ఎదురింటికి వెళ్ళి, "అక్కా, ఇవాళ మెట్లు ఎక్కకు. కాలికి మంచిది కాదు. సంయుక్త నిన్ను గుడికి తీసుకువెళుతుంది," అన్నాను.

"బాగుందే! ఇవాళ అన్నయ్యగారు నాకు శాలువా కప్పుతున్నారు. దీక్ష ఫలించిన మొదటిదాన్ని నేనేనట. నా చెల్లెలివి, నువ్వు రాకపోతే బాగుండదు."

సాయంకాలం అక్క పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. కట్టు ఉన్న కాలిని ఎదుట చిన్నపీట మీద పెట్టుకుంది. బల్ల మీద వెండిరంగు పొట్లాలు, ప్రతి పొట్లానికి దారంతో కట్టిన ఒక బిళ్ళల రేకు. పసుపు, కుంకుమ బొట్లు కూడా పెట్టారు. విశ్వేశ్వరరావు గారు నన్ను చూసి చేతులు జోడించారు.

"అనుపానం కనిపెట్టిన మన మేడమ్ గారు రెండు మాటలు చెబుతారండి!"

మొదటిసారి క్రమం ప్రకారం చెప్పాను, చివరి వాక్యాలు పోయాయి. ఈసారి చివరిదే ముందు చెప్పాను.

"ఇది మందు కాదు. దీనికి అనుపానం లేదు. అనుపానం ఉందని నేను అబద్ధం చెప్పాను. షుగరు లేనివాళ్ళు ఆ బిళ్ళ మింగితే ప్రాణం పోవచ్చు. ఇవాళ పొద్దున జయమ్మకు దాదాపు అదే జరిగింది. ఆమె ఆసుపత్రిలో ఉంది."

చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు గాలిలో ఉండిపోయాయి.

"మేడమ్ గారూ," విశ్వేశ్వరరావు గారు మెల్లగా అన్నారు, "మరి మీ అక్కగారికి తగ్గింది కదండీ?"

"తగ్గించింది బిళ్ళ. ఆమెకు షుగరు ఉంది కనుక. పళ్ళు కాదు."

"అయితే పళ్ళు తినొద్దంటారా?" వెనకనుంచి ఎవరో కోపంగా అడిగారు.

"తినండి, కొంచెంగా. తిండిగా తినండి. ఇవి కాకపోతే ఎండు ఉసిరి ముక్కలు తినండి, రుతువులో నేరేడు పళ్ళు తినండి. వాటికి పోలీసు ఉద్యోగం ఇవ్వకండి."

ఎవరూ నవ్వలేదు. "ముందు ఉందన్నారు, ఇప్పుడు లేదంటున్నారు, చదువుకున్నవాళ్ళను నమ్మరాదు," అని ఒకావిడ పక్కావిడతో అన్నది నాకు స్పష్టంగా వినిపించింది. ఆ విమర్శలో నిజం ఉంది. బల్ల దగ్గరికి వెళ్ళి, పొట్లాలకు కట్టిన రేకులను ఒక్కొక్కటిగా విప్పి నా సంచిలో వేసుకోసాగాను. విశ్వేశ్వరరావు గారు కూడా వచ్చి, ఊదారంగు వేళ్ళతో దారాలు విప్పడం మొదలుపెట్టారు. "జయమ్మ గారికి ఎలా ఉందండీ?" అని మాత్రం అడిగారు.

వెనక్కి తిరిగేసరికి మొదటి వరసలో పీట ఖాళీగా ఉంది.

అక్క కుంటుతూ అప్పటికే మెట్లు దిగింది. తలుపు తీసే ఉంది. వంటింట్లో బల్ల ముందు కూర్చుని, బిళ్ళల రేకులను వరసగా పేర్చి, వాటికి రబ్బరు బ్యాండు చుడుతోంది.

"చిన్నపిల్లకు చందమామను చూపించి అన్నం పెట్టినట్టు పెట్టావు నాకు," అంది తల ఎత్తకుండా. "పదిమందిలో శాలువా కప్పించుకుందామని పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. జయమ్మకు నా చేత్తో ఇచ్చానే ఆ బిళ్ళ."

"తప్పు నాది."

"నీదే. ఇవి ఇంక నేను వేసుకోను. అబద్ధపు అనుపానం నాకెందుకు?"

బెనెడిక్ట్ సీసా అలమర మీద కనబడుతోంది. దానిని తీయలేదు. ఎరుపును విషమనుకున్న మనిషికి ఆకుపచ్చ మాత్రం ఏమి చెబుతుంది? నాకు తెలిసిన వాదాలన్నీ నాలుక చివర ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఈ వంటిల్లు దాటి ఆమె చెవిదాకా పోదు. అక్క రెండో చుట్టు చుట్టింది.

"అక్కా, అనుపానం అబద్ధం. పథ్యం అబద్ధం కాదు."

"ఏ పథ్యం?"

"ఆ బిళ్ళ పథ్యం."

"దానికి పథ్యమెక్కడిది? డాక్టరు ఏనాడూ చెప్పలేదు."

"చెప్పలేదు. చెప్పవలసింది." కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు నేను చెప్పబోయే ప్రతి మాటకూ ఆధారం ఉంది. ఏ పుస్తకంలో, ఏ పుటలో ఉందో కూడా చూపగలను. "అది వేసుకున్నాక పస్తు ఉండకూడదు. అరగంటలోపు తినితీరాలి. ఒక్కపొద్దులు లేవు, శనివారమైనా, ఏకాదశైనా. రోజూ ఒకే వేళకు వెయ్యాలి, వేళ తప్పకూడదు. పంచదార మానాలి. ఆ ఎండుపళ్ళు పిడికిళ్ళతో తినకూడదు, వాటిలోనూ చక్కెర ఉంది. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకూడదు. పొద్దున్నే, పడుకునేముందు పాదాలు అద్దంలో చూసుకోవాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు, ఎంత కావలసినవాళ్ళైనా సరే. దీనికి మండలం లేదు. బతికినంతకాలం చెయ్యాలి."

అక్క చేయి ఆగింది.

"బతికినంతకాలమా?"

"బతికినంతకాలం."

"ఏకాదశి కూడా ఉండకూడదా?"

"ఉండకూడదు."

అక్క రబ్బరు బ్యాండును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. తరువాత వంగి, బల్లకింద ఉన్న చెప్పులు కాలితో దగ్గరికి లాక్కుని, పుండున్న కాలికి జాగ్రత్తగా తొడుక్కుంది. ముఖంలో కోపం తగ్గలేదు. అది తిరిగిన దిక్కు మాత్రం మారింది.

"ఇంత కఠినమైన పథ్యం ఉంటే," అంది, "ఇన్నేళ్ళూ ఒక్కళ్ళూ చెప్పరేమే?"